కూర్పు: రేణు సలూజా

పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ విద్యార్థులు చివర్లో తీసే డిప్లొమా సినిమాని మనం దర్శకుడి పేరుతోనే గుర్తుపెట్టుకుంటాం. నిజానికి అది నలుగురి పరీక్ష. దర్శకత్వం, కెమెరా, ఎడిటింగ్, శబ్దగ్రహణం చదివేవాళ్లు కలిసి తీసే ఆ చిన్న సినిమాలో నలుగురి పనీ బేరీజుకొస్తుంది. ఫిల్ము మీద తీసిన రోజుల్లో, కొలిచి ఇచ్చే ముడి ఫిల్ము వృథా అయితే నష్టం అందరిదీ అయ్యేది. అందుకే ఎవరితో జట్టు కట్టాలన్నది అక్కడ స్నేహాలతో తేలిపోయే సంగతి కాదు.

రేణు సలూజా ఆ ఇన్‌స్టిట్యూట్‌కి దర్శకత్వం చదవాలనే దరఖాస్తు పెట్టుకున్నారు. సీటు రాలేదు. ఎడిటింగ్‌లో చేరారు. ఆవిడ గురించి రాసేవాళ్లు ఈ సంగతిని ఒక్క వాక్యంలో దాటేసి, ఆ తర్వాత వచ్చిన పురస్కారాల దగ్గరికి వెళ్లిపోతారు. నాకు మాత్రం అక్కడే ఆగాలనిపిస్తుంది. జట్టులో ఎవరు ఏ కుర్చీలో కూర్చోవాలన్నది జట్టు కుదరకముందే, ప్రవేశాల దగ్గరే సగం నిర్ణయమైపోతుంది కదా!

విధు వినోద్ చోప్రా డిప్లొమా సినిమా ‘మర్డర్ ఎట్ మంకీ హిల్’ (1976)కి ఎడిటర్ ఆవిడే. ఆ చిన్న సినిమాకి జాతీయ పురస్కారం వచ్చింది. అక్కడ కుదిరిన జట్టు చదువుతో చెదిరిపోలేదు. సయీద్ మీర్జా ‘అల్బర్ట్ పింటో’, కుందన్ షా ‘జానే భీ దో యారో’, చోప్రా సినిమాలు వరసగా ఆవిడ బల్ల మీదికే వచ్చాయి. చోప్రాతో పెళ్లి అయింది, విడిపోయారు. ఆ తర్వాత కూడా అతని ‘పరిందా’ (1989)ని కూర్చింది ఆవిడే, దానికి జాతీయ పురస్కారం అందుకున్నదీ ఆవిడే. మొత్తం నాలుగుసార్లు ఆ పురస్కారం తీసుకుని 2000లో, యాభై నిండకుండానే వెళ్లిపోయారు. పెళ్లి నిలవనిచోట పని నిలిచిందంటే దాన్ని ఆవిడ సహనానికి నిదర్శనంగా చెప్పడం నాకు నచ్చదు. ఆ పని తెలిసిన మనిషిని వదులుకోవడం వాళ్లకి సాధ్యం కాలేదనుకుంటాను.

‘జానే భీ దో యారో’ (1983) పేరులోనే స్నేహితులున్నారు. అందులోని ఇద్దరు ఫోటోగ్రాఫర్లు వినోద్, సుధీర్. ఆ సినిమాకి పనిచేసిన విధు వినోద్ చోప్రా, సుధీర్ మిశ్రాల పేర్లే సరదాగా పాత్రలకి పెట్టారు. మగ స్నేహం అలా కథలోకే నడిచి వచ్చింది. రేణు పేరు టైటిల్స్‌లో ఎడిటింగ్ దగ్గర ఉంది. అన్యాయం అనను, ఉండాల్సిన చోటే ఉంది. కానీ ‘పుణె మిత్రబృందం’ కథ చెప్పుకునేటప్పుడు మనకి గుర్తొచ్చే ముఖాలేవి?

మన టైటిల్స్‌లో ఎడిటింగ్‌కి ‘కూర్పు’ అని వేసేవారు. కత్తిరించడం కాక కలపడం అనే అర్థమున్న మాట. రేణు పనికి ఇదే సరైన పేరనిపిస్తుంది. దర్శకుడు తీసుకొచ్చిన ముక్కల్లోంచి సినిమా ఏమిటో తేలేది అక్కడే.

మా విభాగంలో ఎం.ఏ. చదివే అమ్మాయి ఒకతె చిన్న సినిమా తీద్దామనుకుంది. “మేడమ్, కెమెరా తెలిసినవాళ్లు చాలామంది ఉన్నారు, నా మాట వినేవాళ్లు కావాలి” అంది. నేను పరిశోధన చేసిన క్యాంపస్‌లో ఫిల్మ్ క్లబ్బు ఎడిటింగ్ రాత్రిళ్లు జరిగేది. అమ్మాయిల హాస్టల్ గేటు ఎనిమిదికి పడేది. ఎవరూ ఎవరినీ వద్దనలేదు, గేటే జట్టుని ఎంచింది. రాత్రి ఎడిటింగ్ గదిలో ఉన్నవాళ్లే మర్నాడు ‘మా సినిమా’ అనేవాళ్లు. పగలు కథ చర్చించిన అమ్మాయిలకి ‘సహకారం’ కింద ధన్యవాదాలు దక్కేవి.

జట్టు ఇంకోలా కట్టిన ఉదాహరణ మనకి దగ్గర్లోనే ఉంది. ‘జానే భీ దో యారో’ వచ్చిన 1983లోనే, బెంగుళూరు యుగాంతర్ బృందం హైదరాబాదు స్త్రీ శక్తి సంఘటనతో కలిసి తెలుగులో ‘ఇది కథ మాత్రమేనా’ తీసింది. దీపా ధన్‌రాజ్, అభా భయ్యా, మీరా రావు, నవ్రోజ్ కాంట్రాక్టర్ కలిసి 1980లో మొదలుపెట్టిన బృందం అది. ఇంట్లో హింస మీద, ఆడవాళ్ల మధ్య స్నేహం మీద తీసిన పాతిక నిమిషాల సినిమా. అక్కడ సినిమా తెలిసినవాళ్లు కథ తెలిసినవాళ్లని వెతుక్కుంటూ వచ్చారు. మామూలుగా జరిగేది దీనికి తిరగబడి ఉంటుంది, కెమెరా ఉన్నవాడి చుట్టూ కథలు తిరుగుతాయి.

ఆ అమ్మాయికి ఇవన్నీ చెప్పాను. ఓపిగ్గా విని, ముందు టైటిల్ కార్డు రాసుకొచ్చింది. కథ, కెమెరా, కూర్పు, శబ్దం ఒకే సైజు అక్షరాల్లో, ఒకే కార్డు మీద. శబ్దం పక్కన ఖాళీ. మెకానిక్ షాపులో పనిచేసే వాళ్ల చిన్నమ్మ కూతురు మైకులు బాగుచేస్తుందట, ఆదివారం వెళ్లి అడుగుతానంది.