స్టోన్ ఫ్రిగేట్

రెండో ప్రపంచ యుద్ధకాలపు బ్రిటిష్ నావికుల యాసలో ‘స్టోన్ ఫ్రిగేట్’ అంటే ఓడ పేరు పెట్టుకుని నేల మీద నిలిచిన నౌకాదళ స్థావరం. ఈ ఆనవాయితీ పాతదే: 1804లోనే కరీబియన్ దీవి మార్టినీక్ దగ్గరి డైమండ్ రాక్ అనే రాతి దీవిని యుద్ధనౌకగా నమోదు చేశారు.

పేరుతోపాటు పలుకుబడీ ఓడదే. గది నేల డెక్కు, వంటిల్లు గ్యాలీ. గేటు దాటి బజారుకెళ్తే ‘ఒడ్డుకు వెళ్లినట్టు’. బట్టలుతకడాన్ని మాత్రం మన దేశపు మాటతోనే ‘ధోబీయింగ్’ అనేవారు.

తెలుగునాట ఇలాంటి స్థావరం విశాఖపట్నంలోని హెచ్‌ఎంఐఎస్ సర్కార్స్. ఉత్తర సర్కారుల పేరు అలా నౌకాదళానికెక్కింది; స్వాతంత్ర్యం తర్వాత అదే ఐఎన్‌ఎస్ సర్కార్స్ అయింది.

సముద్రం పక్కనే ఉండాలన్న నియమమూ లేదు. ఇంజనీరింగ్ శిక్షణ కోసం హెచ్‌ఎంఐఎస్ శివాజీని 1945లో లోనావాలా కొండల్లో నెలకొల్పారు. ఆ లెక్కన అనంతపురం మెట్టనేల మీదా ఒక ‘నౌక’ లంగరు వేయవచ్చు!

రాయల్ ఇండియన్ నేవీ తిరుగుబాటు మొదలైందీ రాతి నౌకలోనే. నాసిరకం తిండిని, అధికారుల దూషణలను సహించలేక 1946 ఫిబ్రవరి 18న బొంబాయిలోని సిగ్నల్ శిక్షణ కేంద్రం హెచ్‌ఎంఐఎస్ తల్వార్‌లో నావికులు సమ్మెకు దిగారు. రోజుల్లోనే అది విశాఖ సహా పలు రేవులకు పాకింది.