డిచ్‌పల్లి దవాఖానా - ఆ తర్వాత

హైదరాబాదు నుండి నిర్మల్ మీదుగా ఆదిలాబాదు పోయే పెద్ద రోడ్డు మీద, గోదావరికి ఈవలనే, డిచ్‌పల్లి వస్తుంది. 2016లో జిల్లాలను విభజించక ముందు తూర్పున కరీంనగర్ జిల్లా, ఏరు దాటితే ఆదిలాబాదు జిల్లా ఉండేవి. ఆ పేరు వినగానే నేటివారికి తెలంగాణ విశ్వవిద్యాలయమో, గుట్టమీది రామాలయమో స్ఫురిస్తుంది. పాతతరానికి మాత్రం అది పెద్దరోగపు దవాఖానా. కుష్ఠు అన్న మాటను నోట పలకడానికే జంకి, జనం దానికి పెట్టుకొన్న పేరు 'పెద్దరోగం'.

స్కాట్లండుకు చెందిన వైద్యురాలు ఇసబెల్ కెర్, భర్త జార్జ్‌తో కలసి 1907లో నిజాం రాజ్యానికి వచ్చారు. రాజా నర్సాగౌడ్ అనే దాత ఇచ్చిన ధనం అండగా 1915లో డిచ్‌పల్లిలో కుష్ఠు ఆసుపత్రి వెలిసింది. 1920ల నాటికి అక్కడ హిడ్నోకార్పస్ గింజల నూనెను సూదిమందుగా ఇచ్చేవారు. ఇసబెల్ 1932లో మరణించారు. 1940లలో డాప్సోన్, 1980లలో బహుళ ఔషధ చికిత్స వచ్చాయి. ఆసుపత్రి చరిత్రలు సాధారణంగా ఇంతటితో ముగుస్తాయి. నాకు ఆసక్తి కలిగించేది ఆ తర్వాతి కథ.

మందు క్రిమిని చంపుతుంది గానీ, అప్పటికే చచ్చిన నరాన్ని బ్రతికించలేదు. స్పర్శ లేని చేయి పొయ్యి మీది గిన్నె కాలుతోందని చెప్పదు. పాదంలో ముల్లు దిగినా తెలియదు, పుండు పడ్డాకే కన్ను చూసి చెప్పాలి. ఇక మన ఉత్తర తెలంగాణలో బ్రతుకుతెరువులేమిటి? నాట్లు, మగ్గం, బీడీలు. అన్నీ వేళ్ళ కొసలతో చేసే పనులే! వంకర తిరిగిన వేళ్ళతో తునికాకు చుట్టడం ఎట్లా? రోగం పోయినవానికి కూలి దొరకకపోవడానికి జనం భయం ఒక్కటే కారణం కాదన్నమాట.

తమిళనాట వేలూరులో పాల్ బ్రాండ్ అనే శస్త్రవైద్యుడు 1940ల చివర, పనిచేసే కండరపు స్నాయువును మార్చి అతికించి, ముడుచుకొన్న వేళ్ళను తెరిపించాడు. అయితే బాగుపడిన చేతులు చాచితే భిక్ష తగ్గిపోయిందని కొందరు రోగులు ఆయనతోనే మొరపెట్టుకొన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియని ఫిర్యాదు ఇది. దాంతో ఆయన ఆసుపత్రి ఆవరణలోనే చిన్న ఊరు వంటిది కట్టించి, వడ్రంగం వంటి పనులు నేర్పించవలసి వచ్చింది.

మనవైపు ఆ పనికి పూనుకొన్నవారు రాణీ కుముదినీ దేవి. ఓరుగల్లు ప్రాంతపు పింగళి వారి ఆడపడుచు, వనపర్తి కోడలు, తర్వాత హైదరాబాదు మేయరు. 1958లో కూకట్‌పల్లిలో ఆమె నెలకొల్పిన శివానంద సంస్థ పేరులోనే 'పునరావాసం' ఉంది.

ఇంతకూ రోగి ఇల్లు చేరితే అక్కడ తలుపు తెరిచేదెవరు? 1955 నాటి హిందూ వివాహ చట్టం 'నయం కాని' కుష్ఠును విడాకులకు ఒక కారణంగా పేర్కొన్నది. అప్పటికే డాప్సోన్ వాడుకలో ఉన్నది. ఆ వాక్యాన్ని పార్లమెంటు తొలగించినది 2019లో.