ఉరిని ఆపిన చిన్న చిన్న కారణాలు

తాండూరు, వికారాబాద్ కోర్టుల్లో వాదించే నేను జూనియర్లందరితో చదివించే తీర్పు ఒకటుంది: 1974 ఫిబ్రవరిలో వచ్చిన ఈడిగ అన్నమ్మ కేసు. ఒక యువతినీ, ఆమె పసిబిడ్డనూ చంపిన నేరానికి అన్నమ్మకు ఉరిశిక్ష పడింది. సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ నేరాన్ని తేలిగ్గా తీసుకోలేదు. మనిషినీ చూశారు. చిన్న వయసు, మామ కొట్టి తరిమేసిన బతుకు, సాకాల్సిన కొడుకు, రెండేళ్లకు పైగా వెంటాడిన ఉరి భయం. విడివిడిగా ఏదీ చాలదని ఆయనే ఒప్పుకున్నారు. అన్నీ కలిశాక ముల్లు యావజ్జీవం వైపు మొగ్గింది.

ఆ మరుసటి ఏడాది, ఉరిశిక్ష పడిన నక్సలైట్ ఉద్యమకారులు భూమయ్య, కిష్టాగౌడ్‌ల కేసూ ఆయన ముందుకే వచ్చింది. క్షమాభిక్ష రాష్ట్రపతి అధికారమని, ఆ కేసులో కోర్టు జోక్యం చేసుకోబోదని తేల్చారు. 1975 డిసెంబర్ 1న ముషీరాబాద్ జైల్లో ఇద్దరినీ ఉరితీశారు. ఆ జైలు స్థలంలో ఇప్పుడు గాంధీ ఆసుపత్రి ఉంది. ఆ ఉరి నాకు నేటికీ అన్యాయంగానే తోస్తుంది.

క్షమాభిక్ష విషయంలోనే 2006లో సుప్రీంకోర్టు ఇంకో గీత గీసింది. ఖైదీ ఫలానా పార్టీ కార్యకర్త అన్నది శిక్ష తగ్గించడానికి కారణం కాదంటూ, గవర్నర్ ఇచ్చిన క్షమాభిక్షను కొట్టేసింది. మంచి తీర్పు.

తమ్ముళ్లారా, శిక్ష మీద వాదన వినే రోజున ఖాళీ చేతులతో నిలబడకండి. నాపరాయి గనిలో ఊపిరితిత్తులు చెడిన తండ్రి ఆసుపత్రి చీటీ, బడికెళ్లే పిల్లల కాగితాలు జడ్జి ముందు పెట్టండి.