పూత పుష్కలం, పుప్పొడి పొదుపు: మెట్ట మామిడి నుంచి గోదావరి ముఖద్వారం దాకా

జనవరిలో విస్సన్నపేట నుంచి నూజివీడు వైపు బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంటే దారి పొడవునా పూతే. చిన్నరసం, పెద్దరసం, బంగినపల్లి, కలెక్టర్ రకం ఏదైనా కొమ్మ చివర ఆకు కనిపించనంతగా విరబూస్తుంది. ఒక్కో పూగుత్తిలో వందల నుంచి వేల దాకా పూలు. ఈ నేల మామిడిది అని తేల్చడానికి ఏ పరికరమూ అక్కర్లేదు. కానీ వెయ్యేళ్ల తర్వాత ఎవరైనా ఇక్కడి మట్టిలో మిగిలిన పుప్పొడిని లెక్కపెట్టి ఈ ప్రాంతాన్ని ఊహించబోతే, ఇదంతా గడ్డిభూమి అని పొరబడినా ఆశ్చర్యం లేదు.

కారణం పువ్వులోనే ఉంది. మామిడి పువ్వు ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని భూతద్దంతో చూస్తే, పుప్పొడి నిచ్చే కేసరం సాధారణంగా ఒక్కటే కనిపిస్తుంది. మిగతావి గొడ్డువి. ఆ కాస్త పుప్పొడీ గాలికి ఎగరదు, జిగటగా ఉండి ఈగలు, తేనెటీగల కాళ్లకు అంటుకుని పోతుంది. గట్టు మీది గడ్డి సంగతి వేరు. దానికి పురుగుతో పని లేదు. గాలి మీద భారం వేసి పుప్పొడిని లెక్కలేకుండా వదులుతుంది. అందుకే మట్టి పొరల్లో గడ్డి గొంతు పెద్దది, మామిడి గొంతు చిన్నది. దీనికి తోడు మామిడి రేణువు, దాని చుట్టాలైన గుంపెన, జీడి రేణువులు సూక్ష్మదర్శిని కింద ఒకే ఇంటి పిల్లల్లా ఉంటాయి. అందుకే పరిశోధకులు చాలాసార్లు ఆ కుటుంబం పేరు మాత్రమే రాసి ఊరుకుంటారు.

అయినా ఈ లెక్కకు విలువ ఉంది. పుప్పొడి రేణువు పైపొరలో స్పోరోపొలెనిన్ అనే పదార్థం ఉంటుంది. గాలి తగలని తడి బురదలో అది వేల ఏళ్లు, లక్షల ఏళ్లు కూడా చెక్కుచెదరదు. స్వీడన్‌కు చెందిన లెనార్ట్ ఫాన్ పోస్ట్ 1916లో ఊబినేలల పొరల్లోని పుప్పొడిని శాతాలుగా లెక్కకట్టి, ఏ కాలంలో ఏ చెట్లు పెరిగాయో పటంగా గీసి చూపించాడు. పుప్పొడి శాస్త్రం నేటికీ ఆ పటం మీదే నడుస్తోంది.

పని మాత్రం వంటింటి ఓపిక కోరేది. ఘనసెంటీమీటరు మట్టిని తీసుకుని, సున్నం పోవడానికి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో, కుళ్లిన ఆకుల మడ్డి పోవడానికి క్షారంలో, ఇసుక కరగడానికి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో వేస్తారు. ఈ చివరిది గాజునూ తినేస్తుంది కాబట్టి ప్లాస్టిక్ గొట్టాలే వాడాలి. తర్వాత తొమ్మిది పాళ్లు ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్‌కు ఒక పాలు గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపిన ద్రవంలో కాస్త వేడిచేస్తారు. ఇది స్వీడన్ వాడైన ఎర్ట్‌మన్ నేర్పిన పద్ధతి. ఇంత హింస తర్వాత కూడా మిగిలేది పుప్పొడే. లెక్క ముందే తెలిసిన లైకోపోడియం అనే మొక్క సిద్ధబీజాలున్న బిళ్లను మొదట్లోనే కలిపి ఉంచుతారు. ఆ బీజాలు ఎన్ని తేలాయో చూసి మట్టిలో అసలు ఎంత పుప్పొడి ఉందో అంచనా కడతారు. ఆపైన ఒక్కో గాజు పలక మీద వందల రేణువులను కంటితో గుర్తుపట్టి లెక్కించాలి.

మరి విస్సన్నపేటలో ఆ మట్టి దొరుకుతుందా? తోటల్లోని ఎర్రనేల పనికిరాదు. ఏటా తడిసి, ఎండి, గాలి పీల్చే నేలలో రేణువు నిలవదు. చెరువులు కొంత నయం అనుకుంటాం గానీ మే నెలకు చాలా చెరువులు నెర్రెలు విచ్చుతాయి. పైగా చెరువు మట్టికి మన రైతు ఇచ్చే విలువ ఒకటుంది. పూడిక తీసి ట్రాక్టర్లతో పొలాలకు, తోటలకు తోలుకుంటారు. సేద్యానికి అది మేలే. పుప్పొడి చదివేవాడికి మాత్రం పుస్తకంలోంచి మధ్య కాగితాలు చించి వేరే పుస్తకంలో దాచినట్టు.

ఇంకాస్త దిగువకు, బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు కలిసే కొల్లేటికి వెళ్దామా అంటే అక్కడి సమస్య చేపల చెరువులు. అడుగు బురదను తవ్వి గట్లు పోశారు. 2006లో ప్రభుత్వం ఆ గట్లలో చాలావాటిని పేల్చేసింది. పొరలు చెదరని చోటు వెతికి పట్టుకోవడమే సగం పరిశోధన.

అందుకే ఈ ప్రాంతపు పాత చెట్ల గురించి, వాటిని పెంచిన వానల గురించి మంచి సాక్ష్యం నేల మీద కాక సముద్రం అడుగున దొరికింది. 2006లో జాతీయ గ్యాస్ హైడ్రేట్ కార్యక్రమం కింద జాయిడెస్ రిజల్యూషన్ అనే ఓడ మన తీరాల వెంబడి అడుగు మట్టిని తవ్వింది. వెతికింది ఇంధనం కోసం. గోదావరి ముఖద్వారానికి ఎదురుగా, వెయ్యి మీటర్లకు పైగా లోతు నీటి కింద నుంచి తీసిన 16ఎ అనే మట్టి స్తంభంలో (కోర్‌లో) మాత్రం నది వేల ఏళ్లుగా మోసుకొచ్చిన ఒండ్రు వరుసగా పేరుకుని ఉంది. కొరలీ జోర్జీ, పుదుచ్చేరి ఫ్రెంచ్ సంస్థకు చెందిన కె. అనుపమ తదితరులు ఈ కోర్‌లోనూ, మహానది ఎదురుగా తీసిన మరో కోర్‌లోనూ పుప్పొడిని లెక్కించి 2015లో ఫలితాలు ప్రచురించారు. ఈనాటికి 11,300 ఏళ్ల నుంచి 4,200 ఏళ్ల ముందు వరకు తీరపు అడవులు, మడ అడవులు బాగా విస్తరించి ఉన్నాయి. అంటే నైరుతి రుతుపవనాలు బలంగా కురిసిన కాలం. ఆ తర్వాత ఎండను తట్టుకునే మొక్కల పుప్పొడి పెరుగుతూ వచ్చింది.

అంతకు మూడేళ్ల ముందే, 2012లో, కమిలో పాంటన్ బృందం ఇదే 16ఎ కోర్‌ను మరో దారిలో చదివింది. వారు చూసింది పుప్పొడి కాదు, ఆకుల మీది మైనం. అందులోని కార్బన్ రకాలను బట్టి చెట్ల వాటా ఎంత, జొన్న లాంటి ఎండ గడ్డిజాతుల వాటా ఎంత అని తేల్చవచ్చు. సుమారు 4,000 ఏళ్ల కిందట మొదలై 1,700 ఏళ్ల కిందటి వరకు నేల క్రమంగా ఎండబారిందని అదీ చెప్పింది. ఒకే కోర్ నుంచే అయినా వేర్వేరు దారుల్లో వచ్చిన ఇద్దరు సాక్షులు ఇంచుమించు ఒకే తేదీ చెబితే కోర్టు కూడా చెవి ఒగ్గుతుంది.

ఆ ఎండుదనమే దక్షిణాదిన స్థిర వ్యవసాయం వ్యాపించడానికి దోహదం చేసి ఉండవచ్చని పాంటన్ బృందం సూచించింది. ఇక్కడ కొంచెం ఆగాలి. గోదావరి పరీవాహకం మూడు లక్షల చదరపు కిలోమీటర్లకు పైమాట. త్ర్యంబకం దగ్గరి నుంచి పాపికొండల దాకా కొట్టుకొచ్చిన మట్టి అంతా ఆ కోర్‌లో కలగలిసి ఉంది. అది పెద్ద చిత్రాన్ని చూపుతుంది, ఒక ఊరి కథ చెప్పదు. మడ అడవుల పెరుగుదలలో వానతో పాటు సముద్రమట్టానికీ, డెల్టా ముందుకు జరగడానికీ వాటా ఉంది. పైగా సాధారణ సూక్ష్మదర్శినిలో వరి పుప్పొడికీ అడవి గడ్డి పుప్పొడికీ తేడా చెప్పడం కష్టం. గడ్డి పెరిగిందంటే వాన తగ్గిందా, రైతు అడవి కొట్టాడా అన్నది పుప్పొడి ఒక్కటే తేల్చలేదు.

గుర్తుపట్టడానికి పోలిక కావాలి. పుదుచ్చేరి సంస్థలో వేల పలకల పుప్పొడి భాండాగారం అందుకే ఉంది. దాన్ని తీర్చిదిద్దిన జి. తనికైమొని 1986 సెప్టెంబరు 5న కరాచీలో పాన్ యామ్ విమానం హైజాక్‌లో ప్రాణాలు కోల్పోయారు. మడ అడవుల పుప్పొడి మీద ఆయన పుస్తకం ఆ మరుసటి ఏడాది వెలువడింది. తెలుగునాట ఉస్మానియా విశ్వవిద్యాలయంలో సి.జి.కె. రామానుజం బృందం తేనెల్లో పుప్పొడిని లెక్కించి, చిన్న పట్టు పెట్టే తేనెటీగలకు చింతచెట్టు ఎంత ముఖ్యమో చూపింది. గాలికి ఎగరని పుప్పొడి జాడ తెలియాలంటే తేనె మంచి దారి. చెరువు బురదలో దాగిన మామిడి తేనెపట్టులో దొరకవచ్చు.

ఈ మెట్టలో తేదీలకు ఉపకరించే మొక్కలూ ఉన్నాయి. మొక్కజొన్న అమెరికా ఖండం నుంచి వచ్చిన పంట. దాని రేణువు మిగతా గడ్డి రేణువుల పక్కన గుమ్మడికాయలా కనిపిస్తుంది, పొలం దాటి దూరం పోదు. అది కనిపించిన పొర కొలంబస్ తర్వాతిదే. 1950ల మధ్యలో పుణెలో మొదట గమనించిన వయ్యారిభామ ఇప్పుడు ప్రతి గట్టు మీదా ఉంది, కాబట్టి దాని రేణువులు పై పొరకు గుర్తు.

ఈ ఆధారాలన్నీ పాత పొరలకు వర్తించాలంటే ముందు ఈనాటి లెక్క తేలాలి. తోట నడుమ చెట్టు కింద చిటికెడు, గట్టు మీద చిటికెడు, చెరువు తూము దగ్గర చిటికెడు పైమట్టి తీసి, చుట్టూ ఉన్న చెట్లెన్నో పక్కన రాసుకుని, మూడింటిలోనూ మామిడి ఎంత శాతం తేలుతుందో చూడాలి. పెద్ద ఖర్చు లేని పని. పూత రాలిపోయాక, తొలకరికి ముందు చేస్తే మంచిది.