బోధనాభ్యాసం (బి.ఇడి.)

బోధనాభ్యాసం అనగా ఉపాధ్యాయ విద్యను అభ్యసిస్తున్న విద్యార్థి నిజమైన పాఠశాలలో, నిజమైన పిల్లలకు, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో పాఠాలు చెప్పి బోధనను నేర్చుకొనే ప్రక్రియ. వాడుకలో దీనిని టీచింగ్ ప్రాక్టీసు అని, 2015 తరువాత ఎక్కువగా ఇంటర్న్‌షిప్ అని పిలుస్తున్నారు. ఈ దశలో ఉన్న విద్యార్థిని ఛాత్రోపాధ్యాయుడు అంటారు. ఛాత్రుడు అంటే శిష్యుడు. శిష్యుడూ ఉపాధ్యాయుడూ ఒకే వ్యక్తిలో ఉన్న స్థితిని ఈ మాట చక్కగా పట్టి చూపుతుంది. బోధనాభ్యాసాన్ని బోధనాభ్యసనంతో పొరబడరాదు. రెండవది బోధన, అభ్యసనం అనే రెండు పనులకు కలిపి వాడే పదం. ఈ వ్యాసం భారతదేశంలోని, ముఖ్యంగా తెలుగు రాష్ట్రాలలోని, బి.ఇడి. కోర్సులో భాగమైన బోధనాభ్యాసం గురించి.

చరిత్ర

ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చే నార్మల్ పాఠశాలలను నెలకొల్పవలసిందిగా 1854 నాటి ఉడ్స్ డిస్పాచ్ సూచించింది. 1856లో మద్రాసులో ప్రభుత్వ నార్మల్ పాఠశాల ఏర్పడింది. అదే తరువాతి కాలంలో సైదాపేట టీచర్స్ కళాశాలగా ప్రసిద్ధి చెందింది. అక్కడ ఇచ్చే ఎల్.టి. పట్టా కోసం తెలుగు జిల్లాల నుంచి కూడా పట్టభద్రులు వెళ్ళేవారు. 1909లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఉద్యోగంలో చేరిన సర్వేపల్లి రాధాకృష్ణన్ కూడా ఆ శిక్షణ పొందినవారే. తెలుగు ప్రాంతంలోని పాత సంస్థలలో రాజమహేంద్రవరం ప్రభుత్వ శిక్షణ కళాశాల ఒకటి.

స్వాతంత్ర్యానంతరం బి.ఇడి. దాదాపు అంతటా ఏడాది కోర్సుగా సాగింది. విద్యార్థి రెండు బోధనా పద్ధతులను ఎంచుకొని, ఒక్కొక్క దానిలో ఇరవై చొప్పున మొత్తం 40 పాఠాలు చెప్పడం ఆనవాయితీగా ఉండేది. శిక్షణ కళాశాలలు ఒకవైపు విశ్వవిద్యాలయ జీవనానికి, మరొకవైపు పాఠశాలల నిత్య జీవనానికి దూరమై ఒంటరిగా మిగిలాయని 1966లో కొఠారి కమిషన్ తన నివేదికలో ఆక్షేపించింది. ఆ ఆక్షేపణ తరువాతి అర్ధ శతాబ్దంలోనూ పాతబడలేదు.

సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ జె.ఎస్.వర్మ కమిషన్ 2012లో నివేదిక సమర్పించింది. ఉపాధ్యాయ విద్యా సంస్థలలో సుమారు 90 శాతం ప్రభుత్వేతర రంగంలోనే ఉన్నాయని తెలిపి, శిక్షణా కాలాన్ని పెంచాలని సూచించింది. దరిమిలా జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్.సి.టి.ఇ.) 2014 నిబంధనలను వెలువరించగా, 2015-16 విద్యా సంవత్సరం నుంచి బి.ఇడి. రెండేళ్ళ కోర్సు అయింది.

నిబంధనలు

2014 నిబంధనల ప్రకారం రెండేళ్ళలో కనీసం 20 వారాలు పాఠశాలలో గడపాలి. ఇందులో 4 వారాలు మొదటి సంవత్సరంలో, 16 వారాలు రెండవ సంవత్సరంలో వస్తాయి. పాఠం చెప్పడానికి ముందు ఒక వారం పాటు ఆ తరగతి ఉపాధ్యాయుని బోధనను వెనుక బల్లపై కూర్చొని పరిశీలించాలి. ఆ తరువాత ప్రాథమికోన్నత స్థాయిలోనూ (6 నుంచి 8 తరగతులు), ఉన్నత పాఠశాల స్థాయిలోనూ బోధించాలి. ప్రభుత్వ, ప్రైవేటు పాఠశాలలు రెండింటిలో అవకాశం కల్పించాలని కూడా నిబంధనలు చెబుతున్నాయి.

కళాశాలలో తరగతులకు 80 శాతం హాజరు చాలు. పాఠశాలలో మాత్రం 90 శాతం ఉండాలి. ఈ తేడాకు కారణం ఉంది. కళాశాలకు విద్యార్థి రాకపోతే నష్టపోయేది అతడే. ఛాత్రోపాధ్యాయుడు రాకపోతే ఆ పీరియడ్ పిల్లలు కూడా నష్టపోతారు. వెయ్యి మంది వరకు పిల్లలున్న బడికి పది మందిని, రెండు వేల వరకు ఉన్న బడికి ఇరవై మందిని మించి పంపరాదన్నది మరొక నియమం.

సన్నాహం

పాఠశాలకు పంపే ముందు కళాశాలలోనే సూక్ష్మ బోధన జరుగుతుంది. 1960లలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డ్వైట్ అలెన్ తదితరులు రూపొందించిన పద్ధతి ఇది. తోటి విద్యార్థులే పిల్లలుగా కూర్చుంటారు. ప్రశ్నించడం, ఉదాహరణలివ్వడం, నల్లబల్ల వాడకం వంటి ఏదో ఒక్క నైపుణ్యాన్నే తీసుకొని ఆరు నిమిషాలు బోధిస్తారు. ఆరు నిమిషాల విమర్శ, పన్నెండు నిమిషాల పునఃప్రణాళిక, మళ్ళీ ఆరు నిమిషాల బోధన, ఆరు నిమిషాల విమర్శతో 36 నిమిషాలకు ఒక వలయం పూర్తవుతుంది. ఇక్కడ పిల్లలుగా నటించేవారు అల్లరి చేయరు, జవాబులు ముందే తెలిసి ఉంటారు. అసలు తరగతికి ఇది పూర్తి ప్రత్యామ్నాయం కాజాలదు.

పాఠ్య పథకం

ప్రతి పాఠానికీ రాతపూర్వకమైన పథకం ఉండాలి. దానిని పర్యవేక్షక అధ్యాపకుడు ముందుగా చూసి సంతకం చేస్తేనే పాఠం చెప్పాలి. తెలుగు పాఠమైతే ఉన్ముఖీకరణతో మొదలై, శీర్షికా ప్రకటన, ఉపాధ్యాయుని ఆదర్శ పఠనం, పిల్లల ప్రకాశ పఠనం, చర్చ, పునశ్చరణ, ఇంటిపనితో ముగుస్తుంది. చాలాకాలం పథకాలను జ్ఞానం, అవగాహన, వినియోగం, నైపుణ్యం అనే లక్ష్యాలుగా, వాటి స్పష్టీకరణలుగా విభజించి రాసేవారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011 రాష్ట్ర విద్యా ప్రణాళిక పరిధి పత్రం వచ్చిన పిమ్మట పాఠశాలలు విద్యాప్రమాణాల ఆధారంగా పథకాలు కోరసాగాయి. కళాశాలలో నేర్చిన నమూనా ఒకటి, బడిలో అడిగే నమూనా మరొకటి అయి, విద్యార్థులు కొంతకాలం రెండింటి మధ్య నలిగిన సందర్భాలున్నాయి.

చార్టులు, ఫ్లాష్ కార్డులు, చుట్టి చంకన పెట్టుకొని పోగల రోలప్ బోర్డు ఛాత్రోపాధ్యాయుని ఆనవాళ్ళు. వీటితో పాటు సాధనా పరీక్ష తయారుచేసి ఫలితాలను విశ్లేషించడం, ఒక విద్యార్థిపై వ్యక్తి అధ్యయనం, క్రియాత్మక పరిశోధన, పాఠశాల రిజిస్టర్ల పరిశీలన వంటి వాటికి వేర్వేరు రికార్డులు రాయవలసి ఉంటుంది. వీటి జాబితా విశ్వవిద్యాలయాన్ని బట్టి మారుతుంది.

మూల్యాంకనం, విమర్శలు

కొన్ని పాఠాలను కళాశాల అధ్యాపకుడు, కొన్నింటిని పాఠశాలలోని విషయ ఉపాధ్యాయుడు, మరికొన్నింటిని సహ విద్యార్థులు పరిశీలించి అభిప్రాయాలు రాస్తారు. ఛాత్రోపాధ్యాయునికి నిజంగా ఉపయోగపడేది ఈ రాతే. "బాగుంది, గొంతు పెంచాలి" అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టిన పరిశీలన వల్ల అతడు నేర్చుకొనేది స్వల్పం. ఏ ప్రశ్నకు తరగతి మౌనంగా ఉండిపోయింది, ఎందుకు ఉండిపోయింది అని చెప్పగలిగిన పరిశీలకుడు దొరికినవాడు అదృష్టవంతుడు.

ఛాత్రోపాధ్యాయులను ఖాళీ పీరియడ్లు నింపడానికే వాడుకోవడం ప్రధానమైన విమర్శ. ఉపాధ్యాయుల కొరత ఉన్న బడిలో ఇంటర్న్ రాగానే తరగతి అతనికి అప్పగించి, అసలు ఉపాధ్యాయుడు వేరే పనికి వెళ్ళిపోతే, పర్యవేక్షణ అన్న మాటకు అర్థం ఉండదు. ఈ పనికి సాధారణంగా భృతి కూడా ఉండదు. మరోవైపు, సిలబస్ వెనుకబడుతుందన్న భయంతో పదవ తరగతిని ఛాత్రోపాధ్యాయులకు ఇవ్వడానికి ప్రధానోపాధ్యాయులు వెనుకాడతారు. పిల్లల పబ్లిక్ పరీక్షల దృష్ట్యా చూస్తే ఆ జంకును తప్పుపట్టలేము. బడికి వెళ్ళకుండానే హాజరు వేయించుకోవడం, పాత రికార్డులను చూసి రాయడం కూడా తరచుగా వినవచ్చే ఫిర్యాదులే.

బోధనాభ్యాసం ఏ తరగతులలో జరిగిందన్నది ఉద్యోగార్హతకూ ముడిపడి ఉంది. బి.ఇడి. చేసినవారు ఆరు నెలల అదనపు కోర్సు షరతుపై 1 నుంచి 5 తరగతులకు కూడా అర్హులేనని 2018లో ఎన్.సి.టి.ఇ. ప్రకటించింది. 2021లో రాజస్థాన్ హైకోర్టు ఆ ప్రకటనను కొట్టివేయగా, 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించింది. చిన్నపిల్లలకు బోధించే శిక్షణ బి.ఇడి.లో లేదని, అది ప్రాథమిక స్థాయి డిప్లొమాలోనే ఉందని న్యాయస్థానం అభిప్రాయపడింది. దీంతో ప్రాథమిక పాఠశాల ఉద్యోగాలకు సిద్ధమవుతూ వచ్చిన వేలాది బి.ఇడి. పట్టభద్రులకు ఆ దారి మూసుకుపోయింది.

2020 జాతీయ విద్యా విధానం ఇంటర్మీడియట్ తరువాత నాలుగేళ్ళ సమీకృత ఉపాధ్యాయ విద్యా కోర్సును ప్రతిపాదించింది. 2023-24లో ఇది ఎంపిక చేసిన సంస్థలలో ప్రయోగాత్మకంగా మొదలైంది. ఈ కోర్సులో విద్యార్థి పునాది, సన్నాహక, మాధ్యమిక, సెకండరీ దశలలో ఒకదానిని ఎంచుకొని ఆ తరగతులలో బోధనకు తయారవుతాడు.