గాయం చేసే తుపాకి, చంపే తుపాకి

అన్నిటికన్నా పెద్ద తుపాకి ఏది తాతా అని అడిగితివి గదా అబ్బోడా. ఆ మంటలోకి రెండు పుల్లలు తోసి కూచో, చెప్తా. పెద్దదంటే గొట్టం వెడల్పా, గుండు బరువా, అది పోయే వేగమా? మూడూ వేరువేరు.

మనింట్లో పంట కాపలాకి లైసెన్సు తీసుకున్న 12 బోరు ఉంది గదా. ఒక పౌను సీసం కరిగించి సమానంగా 12 గుండ్లు పోస్తే, ఆ ఒక్క గుండు పట్టేంత వెడల్పు గొట్టం అన్నమాట. అందుకే నంబరు తగ్గేకొద్దీ తుపాకి పెద్దదవుతుంది. 12 బోరు గుండు మూడు తులాల పైచిలుకు. 4 బోరు గుండయితే పది తులాలకి రవ్వంత తక్కువ. మైసూరు అడవుల్లో ఏనుగులు పట్టిన శాండర్సన్ దొర అట్లాంటి 4 బోరు, 8 బోరు తుపాకులు వాడినాడు. 1878లో పుస్తకమే రాసినాడు. ఆ కాలం మందు దట్టంగా పొగ కక్కేది, గుండుని ఒక వేగం దాటి తోయలేకపోయేది. దెబ్బ గట్టిగా తగలాలంటే గుండు బరువు పెంచడమొక్కటే దారి.

వేలూరు కోటలో 1806 జులై 10న సిపాయిలు తిరగబడినారే, వాళ్ళ చేతుల్లోని మస్కెట్లు కూడా దాదాపు మన 12 బోరు లావువే. గొట్టం ముక్కాలంగుళం. లోపల గాళ్ళు ఉండవు, నున్నగా ఉంటుంది. నూరు గజాలు దాటితే గుండు యాడికి పోతుందో కాల్చినోడికే నమ్మకం ఉండదు. ఆర్కాటు నుంచి గిల్లెస్పీ దొర గుర్రపు దండుని తోలుకొచ్చి, వెనకే వచ్చిన చిన్న ఫిరంగులతో కోట తలుపులు పగలగొట్టించినాడు.

మళ్ళీ తిరగబడతారేమో అనే భయం దొరలకి నూరేళ్ళయినా పోలేదని నేనంటా. పొగలేని మందు వచ్చినాక 1898లో రిగ్బీ కంపెనీ అంగుళాల కొలతలో .450 అనే రైఫిల్ తెచ్చింది. గుండు సన్నబడింది, పొడుగయింది, వేగం బాగా పెరిగింది. వేటగాళ్ళందరూ దాని వెంట పడినారు. 1907 ప్రాంతంలో సర్కారు ఆ .450 తూటాలు మన దేశంలోకి రాకుండా ఆపేసింది. పాత పట్టాళపు మార్టినీ తుపాకులకి అదే లావు గుండు పనికొస్తుందని, జనం తిరగబడితే వాడుకుంటారని. తుపాకుల కంపెనీలు ఊరుకుంటాయా? గుండు కొలత రవ్వంత పెంచి .465, .470, .475 అని కొత్తవి దించినాయి. .303 కూడా జనానికి లేదన్నారు, దాని బదులుగా వచ్చిన .315 ఇప్పటికీ ఇషాపూర్ ఫ్యాక్టరీలో తయారవుతోంది.

.470 గుండు రెండు తులాల ముప్పావు. దాన్ని జోడు గొట్టాల రైఫిల్లో వేస్తారు. ఒక గొట్టం మొరాయించినా రెండోది పలుకుతుంది, కన్ను మూసి తెరిచేలోగా రెండో దెబ్బ వేయొచ్చు. ఏనుగుకీ అడివిదున్నకీ అదే సరి. కానీ మన చిత్తూరు, గుడియాత్తం పక్క ముళ్ళకంపల అడవికి అంత అక్కర లేదు.

ఇక్కడికి తగిన రైఫిల్ ఏదంటే నేను ఆండర్సన్ దొర చేతిలోదే చూపిస్తా. బెంగుళూరు వేటగాడాయన. మామండూరు, భాకరాపేట, చామల లోయ అన్నీ తిరిగినాడు. ఆయనది వించెస్టర్ 1895 మోడల్, .405. బ్రౌనింగ్ అనే అమెరికావాడు గీసిన నమూనా. పట్టు కింద ఇనుప పిడి ఉంటుంది, దాన్ని ముందుకు తోసి వెనక్కి లాగితే ఖాళీ తూటా ఎగిరిపోయి కొత్తది ఎక్కుతుంది. అంతకు ముందు ఆ రకం తుపాకుల్లో తూటాలు గొట్టం కింద ఒకదాని వెనకొకటి పడుకునేవి. మొన తేలిన గుండయితే ముందున్న తూటా మడమకి గుచ్చుకుని లోపలే పేలిపోవచ్చు. బ్రౌనింగ్ వాటిని పెట్టెలో ఒకదాని మీదొకటి పేర్చినాడు. ఎంత మంచి పని! గుండు తులమున్నర పైన. పులికి, ఎలుగుకి చాలు. అమెరికా ప్రెసిడెంటుగా చేసిన రూజ్‌వెల్ట్ 1909లో ఆఫ్రికాకి సింహాల కోసం మోసుకుపోయింది కూడా ఇదే. భుజం మీద మాత్రం మొరటుగా తన్నుతుంది.

అయినా అబ్బోడా, మన ఊళ్ళల్లో అడవిని చెడగొట్టింది పెద్ద తుపాకి కాదు, చిన్నదే. మూతి నుంచి మందు కూరి ఇనుప ముక్కలు పోసిన నాటు తుపాకి. పందికని కాలుస్తారు, చీకట్లో పులికి తగులుతుంది. చావదు. కాలు కుళ్ళి, జింక వెంట పరిగెత్తలేక, కట్టెలకి పోయే ఆడమనిషి మీద పడుతుంది. మనుషుల్ని తినే పులులు ఎక్కువగా ఇట్లా తయారైనవేనని ఆండర్సన్ రాసినాడు, కుమావూన్ కొండల్లో వేటాడిన కార్బెట్టూ గాయాల సంగతే చెప్పినాడు. పెద్ద తూటా మోయడం గొప్పకోసం కాదు, ఒక్క దెబ్బలో ముగించాల్సిన బాధ్యత అది. ఆ చేవ లేనోడు తుపాకి దించేయాల.

1972 వన్యప్రాణుల చట్టంతో వేట ముగిసింది, మంచిదే అయింది. ఇప్పుడు మోర్ధానా పక్క ఏనుగులు దిగుతున్నాయి. 1980ల్లో హోసూరు వైపు నుంచి కౌండిన్య అడవికి చేరినాయి, 1990లో దాన్ని అభయారణ్యం చేసినారు. మామిడి తోట తొక్కేసినాయని మొన్న మీ చిన్నాయన మన 12 బోరు వైపు చూస్తా ఉండినాడు. పందికి పనికొచ్చే రవ్వ ఏనుగు తోలుకి చీమ కుట్టినట్టు, కంటికి తగిలితే గుడ్డిదై ఊరి మీద పడుతుంది. చట్టం మాట అటుంచు, దాని దెబ్బ తినేది పక్కింటోడు. అందుకే తూటాలు నా పెట్టెలో పెట్టి తాళం వేసినా. ఏనుగు కనపడితే ఫారెస్టోళ్ళకి ఫోను చెయ్యమని చెప్పినా, నువ్వూ అదే చెయ్యి.