విషయం చాలదు, ప్రశ్న కావాలి: ఒక పల్లె సంఘ చరిత్ర నేర్పే పాఠం

గోదావరి ఒడ్డున ఉన్న బాసరకు తల్లిదండ్రులు పిల్లలను అక్షరాభ్యాసం కోసం తీసుకొస్తారు. పలక మీద తొలి అక్షరం దిద్దించాకే చదువు మొదలు. ఆ ఆచారం మనది కాకపోయినా అందులోని క్రమం మనకూ వర్తిస్తుంది. పరిశోధనలో ముందుగా దిద్దవలసినది ప్రశ్న.

బి.డి. చదివే రోజుల్లో మేము మా వ్యాసానికి "ఆదిలాబాద్ ప్రాంతంలో క్రైస్తవ్యం" అని పేరు పెట్టాం. అది విషయమే గాని ప్రశ్న కాదు. మిషనెరీల పేర్లు, గుడులు కట్టిన సంవత్సరాలు వరుసగా రాసి, దేవునికి స్తోత్రం చెప్పి ముగించాం. బాప్తిస్మం పొందిన మాల, మాదిగ కుటుంబాలు ఎలా బ్రతికాయో అందులో ఒక్క మాటా లేదు.

ఇందుకు భిన్నమైన ఉదాహరణ పొరుగున మెదక్‌లోనే ఉంది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన మెదక్ చర్చి అందరికీ తెలుసు. అయితే 1959లో పి. వై. లూక్, జాన్ కార్మన్ ఆ గుడి వైభవం కోసం గాక జంగరాయి, వడియారం ప్రాంతాల పల్లె సంఘాల కోసం వెళ్లారు. హిందూ సంస్కృతి నడుమ పల్లె క్రైస్తవుడు తన విశ్వాసాన్ని ఎలా ఆచరిస్తున్నాడు? ఇదీ వారి ప్రశ్న. ఈ ప్రశ్న వారిని రిజిస్టర్ల దగ్గర ఆగనివ్వక పండుగల్లోకి, పెండ్లిళ్లలోకి నడిపించింది. విశ్వాసులలో పలువురు పాత ఆచారాలనూ పాటిస్తున్నారని తేలింది. సంఘానికి ఇబ్బందికరమైన ఆ సత్యాన్ని వారు దాచకుండా 1968లో పుస్తకంగా ప్రచురించారు. సంఘం ఎంత పెరిగిందని మాత్రమే అడిగి ఉంటే ఇది బయటపడేదా?

తర్వాత కార్మన్, చిల్కూరి వసంతరావు ఆ పల్లెలనే మళ్లీ పరిశీలించారు. 1959 నుండి 2009 వరకు ఏమి మారింది? 2014లో వచ్చిన వారి గ్రంథం క్షీణతను, ఉజ్జీవాన్ని రెంటినీ నమోదు చేసింది. మొదటి ప్రశ్న స్పష్టంగా ఉన్నందువల్లనే ఈ పోలిక సాధ్యమైంది.

కాబట్టి విద్యార్థులు కలం పట్టే ముందు తమను తాము అడగవలసినవి మూడు. జవాబు ముందే మన చేతిలో ఉందా? ఒక ఊరికి, ఒక కాలానికి ప్రశ్న కుదిరిందా? సాక్ష్యం దొరుకుతుందా? "బాసర దగ్గరి ఒక పల్లె సంఘంలో 1980, 2000 మధ్య పెండ్లి ఆచారాలలో ఏమి మారింది, ఎందుకు?" అని అడిగితే సంఘ రిజిస్టరుతో పాటు అవ్వల జ్ఞాపకాలూ సాక్ష్యమవుతాయి. ఆ అవ్వలు ఒక్కొక్కరుగా ప్రభువు సన్నిధికి వెళ్లిపోతున్నారు. ఈరోజు అడగని ప్రశ్నకు రేపు జవాబు చెప్పేవారుండరు.

లూకా కూడా అన్నిటినీ విచారించిన తర్వాతే సువార్త రాశాడు. మనం కోరని జవాబు వచ్చినా రాయడానికి సిద్ధపడడమే పరిశోధకుని నమ్మకత్వం.